భగణం

అక్టోబరు, మంగళవారం, పొద్దున ఎనిమిది.
డులూత్‌లో సరస్సు మీంచి వచ్చే గాలికి
తలుపు తనంతట తానే మూసుకుంటుంది.
ఇరవై రెండు మంది. సగం మందికి నిద్ర చాలలేదు,
మిగతా సగం రాత్రి షిఫ్టు నుంచి తిన్నగా వచ్చారు.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే:
"ఎన్ని పేజీలు రాయాలి?"
రెండోది, కాస్త గొంతు తగ్గించి:
"'నేను' అని రాయొచ్చా?"

రాయకూడదని ఎవరో చెప్పారట.
వ్యాసమంటే ఐదు పేరాలనీ,
మూడు కారణాలనీ,
మొదట చెప్పిందే చివర్లో మళ్ళీ చెప్పాలనీ.
స్టేపుల్ కొట్టి ఇచ్చిన కాగితాలన్నీ
"అనాది కాలం నుంచీ మానవుడు" అంటూ మొదలవుతాయి.
అనాదితో మీకేం పని,
నిన్నటి సంగతి చెప్పండి చాలంటాను.
నిన్న ఏమీ జరగలేదంటారు.

నలభై రెండేళ్ళ లోరీన్ చెయ్యెత్తింది,
బ్యాగుకి మనవరాలి బొమ్మ వేలాడుతోంది.
"మీకేం కావాలో చెప్పేస్తే అదే రాసిస్తాను,
ఇద్దరికీ పని తగ్గుతుంది."
నాకేం కావాలో నాకే తెలిస్తే
నేనే రాసుకునేదాన్ని కదా.

నా భాషలో ఈ తిప్పలు లేవు.
అనకపోయినా
చూశాను, విన్నాను, తప్పు చేశాను అంటూ
క్రియ తోక పట్టుకుని
నేను వచ్చేస్తుంది.
ఇంగ్లీషులో దాన్ని గుమ్మం బయట నిలబెట్టి
లోపలికి రావచ్చా అని అడిగించారు ఇన్నాళ్ళూ.

దిద్దడం అన్న మాట కూడా నాకు రెండుసార్లు తగులుతుంది.
పలక మీద ఎవరో రాసిచ్చిన అక్షరం మీదే
బలపం అరిగేదాకా తిప్పడం ఒకటి.
ఎర్ర పెన్నుతో ఇంకొకరి వాక్యాన్ని కొట్టేయడం ఒకటి.
మొదటిది ఐదేళ్ళప్పుడు చేశాను.
రెండోది పదిహేడేళ్ళుగా చేస్తున్నాను.
వీళ్ళింకా నా అక్షరం మీదే దిద్దుతున్నారేమోనని
ఈ మధ్యే అనుమానం.

కీరన్ హౌటాల వాళ్ళమ్మ
కాలువ మీది లిఫ్టు వంతెన నడుపుతుంది.
నాలుగో డ్రాఫ్టులో, మూడో పేజీ అడుగున,
క్షమాపణ చెప్పుకుంటున్నట్టు బ్రాకెట్లలో రాశాడు:

(ఖనిజం ఓడ వస్తే ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.
అమ్మ అచ్చం అలాగే బదులిస్తుంది. అది అక్కడి మర్యాద.
వంతెన లేచినప్పుడు రెండువైపులా ఆగిన కార్లవాళ్ళు
తనని సమానంగా తిట్టుకుంటారని అంటుంది.
ఇంట్లో మాత్రం ఎవరేం అడిగినా వెంటనే జవాబివ్వదు.)

ఒక పొడుగు, రెండు పొట్టి.
ఒక గురువు, రెండు లఘువులు.
భగణమని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను,
వాడికి చెప్పలేదు.

బ్రాకెట్లు తీసెయ్, నీ వ్యాసం ఇక్కడే మొదలవుతుందన్నాను.
అంతటితో ఆగొచ్చు కదా.
ఆఖరి వాక్యం ఇలా ఉంటే బాగుంటుందని
పెన్సిలుతో, లేతగానే, ఒకటి రాసి చూపించాను.
ఓడలూ మౌనమూ ఒకచోట కలిసే వాక్యం.
నాకు చాలా నచ్చింది.

గురువారం తిరిగి తెచ్చాడు.
బ్రాకెట్లు లేవు. నా వాక్యమూ లేదు,
రబ్బరుతో రుద్దినచోట కాగితం పలచబడింది.
"బాగుంది మీరు రాసింది. కానీ మా అమ్మ అలాంటిది కాదు."

ఏమనాలో తోచక హాజరు పట్టీ తెరిచాను.
కోపం రాలేదని చెప్పలేను.
వెనక వరసలో పాజావ్ నవ్వు ఆపుకుంటోంది.
ఆమె మూడు వారాలుగా మొదటి వాక్యం దగ్గరే ఉంది,
నాకు చూపించదు.

సాయంత్రం వంతెన దగ్గర కారు ఆగింది.
ఎర్ర దీపాలు, ముందు పదమూడు కార్లు.
పక్క సీట్లో ఇరవై ఒక్క వ్యాసాలు.
ఓడ కూసింది.
పైగదిలో కీరన్ వాళ్ళమ్మే ఉందో, వేరెవరో.
పెన్ను సంచిలోనే ఉంది.
బదులు ఇంకా రాలేదు.
ఇంజను ఆపేశాను.