కుడి చెవి

ఒకటి జుమ్మెరాత్ బజార్లో దొరికింది,
తుప్పు తాళాల కుప్ప కింద,
నోట్లో కందిరీగలు గూడు కట్టుకుని.
రెండోది కోయంబత్తూరు నుంచి పార్శిల్లో వచ్చింది,
తమిళ పేపర్లో చుట్టుకుని,
అడుగున ఎవరిదో పెట్రోలు జిగురై గట్టిపడి.
"తోబుట్టువులు కావమ్మా ఇవి.
ఇప్పుడైతే పెళ్లిచూపులే" అన్నాడు ముకర్రం భాయ్.

కవాడిగూడలో ఆయన షెడ్డు.
రేకు కప్పు, ఒక్క బల్బు,
నా అరవై ఎనిమిది మోడల్ హెరాల్డు
బోనెట్టు మొత్తం ముందుకి తెరుచుకుని
పళ్ల డాక్టరు ముందు పిల్లాడిలా.

మేం అంతకుముందే ఎరుగుదుం.
కోఠీ ఆస్పత్రిలో నేను చెవులు పరీక్షించేదాన్ని.
గాజు గదిలో కూచోబెట్టి
వినపడగానే వేలెత్తమన్నాను.
ఎడమ చెవికి ఎత్తాడు.
కుడి చెవికి
సన్నటి శబ్దాలన్నీ వచ్చి వెళ్లిపోయినా
చెయ్యి ఒళ్లోనే ఉంది.
కాగితం మీద గీత మెట్లు దిగి దిగి బావిలో పడింది.
మిషను వద్దన్నాడు.
"షెడ్డుల పెట్టుకుంటే సుత్తీ, మనిషీ ఒక్కతీరే వినొస్తది."
తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి,
"బయట చెప్పకు బేటీ. గిరాకీ పోతది."

మూడు ఆదివారాలు పట్టింది.
మొదటి వారం కిరసనాయిలు తట్టలో
నలుపు కిందికి దిగి ఇత్తడి పైకి తేలింది.
రెండో వారం ముషీరాబాద్ లేతు,
అరిగిన కడ్డీలకి కొత్త బుష్షులు.
గాస్కెట్లు ఆయన కోడలు కోసింది,
రాణీగంజ్ కార్కు షీటు మీద
పాత రూపాయి బిళ్ల పెట్టి గీసుకుని,
జాకెట్లు కుట్టే కత్తెరతో.

పిస్టను పైకెత్తి వదిలితే టక్కుమని పడాలి.
పడలేదు. సగంలో ఆగి, ఆలోచించుకుని దిగింది.
"కడిగేటప్పుడు పిల్లోడు టోపీలు మార్చిండు.
దేని టోపీ దానికే.
మారిస్తే మొఖాలు చూసుకోవు."
మార్చాడు.
టక్.
అటుది కూడా, టక్.
అంత చిన్న చప్పుడుకి నేనెందుకు నవ్వానో తెలీదు.

మూడో ఆదివారం తాళం తిప్పగానే
ఇంజను ఒకసారి ఢామ్మంది.
రేకు మీది పావురాలన్నీ కవాడిగూడ ఖాళీ చేశాయి.
రెండోసారికి పట్టుకుంది,
కానీ కుంటుతూ.

రెండింటి మధ్య కడ్డీ వదులు చేశాడు.
సెలైన్ గొట్టం ముక్క ఒక కొస ఎడమ చెవిలో,
ఇంకో కొస ఈ నోటి దగ్గర, ఆ నోటి దగ్గర.
రెండూ ఒక్కలా గాలి పీలిస్తే సరి.
"బరాబర్" అన్నాడు.
కాదు.
వినపడకుండానే వేలెత్తేవాళ్ల మొహం నాకు తెలుసు.
ఇరవై ఆరేళ్లు గాజులోంచి అదే చూశాను.
ఎడమదీ మెట్లు దిగడం మొదలుపెట్టిందన్నమాట.

నేనేం అనలేదు.
గొట్టం అందుకుని నా చెవిలో పెట్టుకున్నాను.
ముందుది
ఎసరు మరగబోయే ముందటి ఆవిరి.
వెనకది
ఎవరో పళ్ల సందుల్లోంచి కోపం దాచుకుంటున్నట్టు.
ఆయన స్క్రూ మీద చెయ్యి వేసి
నా వైపు చూశాడు.
పావు చుట్టు.
ఇంకో పావు. కాస్త వెనక్కి.
ఇంకా.
నూలుపోగంత.

వేలెత్తాను.

ఇంజను ఒక్కసారిగా నిమ్మళించింది,
బోనెట్టు మీద పెట్టిన చాయ్ గ్లాసులో
వలయాలు ఆగిపోయాయి.
ఆయన అది చూసి తలూపాడు.
చాలాకాలంగా గ్లాసులోనే వింటున్నాడు కాబోలు.

బిల్లు ఉర్దూలో రాశాడు. అంకెలొక్కటే నాకు తెలిశాయి.
చివరి వరసలో ఒక యాభై, దాని ముందు తీసివేత గుర్తు.
"ఇదేంటి?"
"నీ కూలి."

లక్డీకాపూల్ ఎత్తు ఎక్కుతుంటే బండి ఒకసారి దగ్గింది.
చిన్నదే.
వెనక్కి తిప్పలేదు.
ఆ దగ్గు ఆదివారం దాకా నా దగ్గరే ఉండనీ.