పదకొండు రేకులు

మా కొండ మీద పేదరికాన్ని నేల మీద గీస్తాం.
బూడిదతో దారులు, బొగ్గుపొడితో వాగు,
ఇంటికో గులకరాయి.
కాస్త చెయ్యి తిరిగినవాణ్ణని గీత పని నాకప్పగిస్తారు.
ఊరంతా చుట్టూ నిలబడి
ఎవరి రాయి ఏ వరసలోదో తేలుస్తుంది.
ఆ లెక్క కాగితమెక్కి కిగాలీ దాకా పోతుందట.
మొదటి వరసైతే ఆసుపత్రి చీటీకి సర్కారే డబ్బు కడుతుంది.
అందుకే ఆ వరసలోకి రావాలంటే సిగ్గు,
వచ్చాక పోవాలంటే భయం.

న్యిరబగెంజి రాయి నాలుగేళ్లుగా అక్కడే ఉంది.
చిలగడదుంపల మడి ఒకటి, మోకాలి వాపు,
తను కనని పిల్లాడొకడు.

ఈసారి సెక్టారు ఆఫీసు కుర్రాడు
కొత్త బూట్లకి బురదంటకుండా నిలబడి చదివాడు:
"రేకుల కప్పు ఉంది. రెండో వరస."

ఎవరం మాట్లాడలేదు.
ఆ కప్పు వేసింది మేమే.
నెలాఖరు శనివారం, ఊరంతా కలిసి పనిచేసే రోజు,
పగిలిన పెంకులు దించి, నీలం పట్టా మడిచి
పదకొండు రేకులెక్కించాం.
మేకులు చాలకపోతే సెబగాబో తన కోళ్లగూడు ఊడదీశాడు.
నా బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.
మేం కొట్టిన మేకులు
ఆమె చీటీలోంచి దిగాయని అప్పుడేం తెలుసు?

"పోనీ, రేకులు పీకేద్దామా?" అన్నారెవరో.
నవ్వు వచ్చినట్టే వచ్చి గొంతులో ఆగింది.

కుర్రాడు చెడ్డవాడేం కాదు.
ఏదో కొండ మీద వాళ్లమ్మకీ ఇలాంటి రాయి ఉండేదట.
"కప్పు దేనిదీ అని గడి ఉంది.
ఎవరు వేశారూ అని లేదు" అన్నాడు,
ఫారం తనే అచ్చువేసినట్టు తల దించుకుని.

సెబగాబో కర్ర ఎత్తాడు.
"ఆ కప్పు ఊరిది. ఆమె కింద ఉంటోందంతే.
మేకులు నావి. కావాలంటే నా కోళ్లనడుగు,
బయటే పడుకుంటున్నాయి."

అప్పటిదాకా కూర్చునే ఉన్న ఆమె లేచింది.
గీత తొక్కకుండా బూడిద దారిలోనే నడిచి
తన రాయి తీసి, కొంగుగుడ్డతో తుడిచి,
ఏ వరసలోనూ పెట్టలేదు.
నా చేతిలో పెట్టింది.
"నీ దగ్గరుంచు. మీలో మీకు తేలాక పెడుదువుగాని."

కుర్రాడు కాగితం అంచున
చీమల్లాంటి అక్షరాలతో రాశాడు: కప్పు ఊరిది.
అంచులు చదివేవాళ్లు జిల్లాలో ఉన్నారో లేదో
అతనికీ తెలీదు.

పొద్దుగూకుతూనే వాన.
దారులు పోయి వాగులో పడ్డాయి.
రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్కటి తక్కువ.
అది నా జేబులో తొడకి చల్లగా తగులుతోంది.

ఆమె కప్పు మీద వాన మా ఇంటిదాకా వినిపిస్తోంది.
మధ్యలో ఒక రేకు టపటపా కొట్టుకుంటోంది.
పదకొండోదే అయ్యుంటుంది,
దానికి ఒక మేకు తక్కువ పడింది.

రేపు సుత్తి పట్టుకెళ్లాలి.