నల్లపట్టీ

క్లినిక్‌లో ఫోటోలు తీసేది నేను.
బేలో హొరిజోంచి నగరం, ఏడో అంతస్తు.
ఎదుట, ఎడమ, కుడి, గడ్డం ఎత్తి ఇంకొకటి.
ఇరవై ఏళ్లలో ఎన్ని ముక్కులు చూశానో
చేసి పంపినవాడి దగ్గరైనా
అంత లెక్క ఉండదు.

రోనిల్సన్ వచ్చిన రోజు వాన.
కుర్చీ తిప్పుకుని
కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు.
వెలుగు పక్కనుంచి పడితే కనబడుతుందట.
ఏమిటి?
"గూని" అన్నాడు, ముక్కు మీద వేలు ఆనించి.
కళ్లజోడు తుడుచుకుని చూశాను.
లెన్సు దగ్గరికి జరిపాను.
నూకగింజంత.
ఉందనుకుంటే ఉంది.

ఫోన్లో నాలుగు వందల ఫోటోలు, తేదీలతో.
ఎర్ర గీతలు, కోణాలు, మిల్లీమీటర్లు.
ఇప్పటికే రెండుసార్లు కోయించుకున్నాడు.
"మొదటిసారి కట్టు విప్పాక
మూడు రోజులు బాగుంది" అన్నాడు,
ఎవరో పోయినవాళ్ల గురించి చెబుతున్నట్టు.

మాట్లాడుతూనే స్టీలు ట్రేలోకి చూశాడు.
తర్వాత నా కెమెరా కంట్లోకి.
తర్వాత ఆపేసిన టీవీ నలుపులోకి.
రోజూ నేను తుడిచే గదిలో
ఇన్ని అద్దాలున్నాయని నాకే తెలియదు.

డాక్టర్ జసీరా ముక్కుసూటి మనిషి.
ఆ రోజు మాత్రం కొలబద్ద తీయకుండా
చుట్టూ తిరిగి అడిగింది.
రోజులో ఎంతసేపు దీని ధ్యాస?
"నిద్రలో తప్ప."
పనికి వెళ్తున్నావా?
చెప్పుల షాపులో పని. మానేశాడు.
అక్కడి అద్దాలు కాళ్ల కోసమే,
కానీ సైజు చూడ్డానికి వంగాలి కదా.
చెల్లెలి పెళ్లికీ పోలేదు. ఫోటోలు తీస్తారని.
బతకాలని లేని రోజులున్నాయా?
టోపీ సర్దుకున్నాడు.
వాన చప్పుడు చాలాసేపు విన్నాం.

ఆమె పెన్ను మూత పెట్టింది.
గూని లేదు అనలేదు.
"నీ బాధ ఉంది. నా కత్తి దానికి అందదు.
అందే మనిషి ఒకావిడ తెలుసు" అని
తనే ఫోను కలిపింది, ఇవాళే చూడమని.

"మీరూ అందరిలాగే" అని లేచాడు.
తలుపు విసురుకి ట్రే అదిరింది.
రాసిచ్చిన చీటీ తీసుకున్నాడో లేదో చూడలేదు.
బల్ల మీద మాత్రం లేదు.

సాయంత్రం పాత ఫైళ్లు దించాను.
వీళ్లలో కిటికీకి వీపు పెట్టినవాళ్లు ఎందరు?
మూడోసారి వచ్చినవాళ్లు,
అడిగితే టోపీ సర్దుకునేవాళ్లు?
ముక్కులన్నీ స్పష్టంగా ఉన్నాయి.
కళ్ల మీద నల్లపట్టీ.
గుర్తుపట్టకూడదని
నేనే వేశాను.