ఎలుగుబంటి పద్దు

చిచ్కాన్ లోయలో లారీలు మలుపు తిరిగేచోట
నా బల్ల ఉంటుంది, నేను ఉండను.
తేనె సీసాలు పదహారు, గాలికి ఎగరకుండా ఒక రాయి,
రాయి కింద అట్ట, అట్ట మీద
నలుపూ తెలుపూ గళ్ల బొమ్మ.
తీసుకో, ఫోన్ చూపించు, డబ్బు పంపు, పో.
కాపలాకి కుక్క కూడా లేదు.

నేను పైన వాలులో ఉంటాను, తేనెపెట్టెల దగ్గర.
జులైలో ఈగల్ని విడిచి రోడ్డు పక్కన కూర్చుంటే కుదరదు.
నిరుడు కూర్చున్నాను.
రెండు గుంపులు లేచిపోయాయి,
అమ్మింది ఆరు సీసాలు.

బొమ్మ తెచ్చింది మా చెల్లెలి మనవడు ఎర్మెక్.
కారా-కోల్‌లో అచ్చు వేయించాడు, ఇరవై సోమ్‌లు.
అట్టకి పెద్దదైందని
అంచున ఉన్న తెల్లకాగితం కత్తిరించేశాను,
ఊరికే ఉన్నదే కదా అని.
ఆ రోజు ఎవరి ఫోనూ దాన్ని చదవలేదు.
పాల ట్యాంకరు డ్రైవరు మూడుసార్లు వంగి లేచి
నడుం పట్టుకుని తిట్టి
సీసా ఎక్కడిదక్కడే పెట్టి వెళ్లాడట.

"ఆ ఖాళీ వదలాలి అవ్వా" అన్నాడు ఎర్మెక్,
"చుట్టూ ఏమీ లేకపోతేనే
మధ్యలో ఏముందో దానికి తెలుస్తుంది."
పదిహేడేళ్లవాడు, ఏం తెలిసి అన్నాడో.
నాకు మాత్రం మా ఆయన పోయినప్పుడు
ఇల్లంతా నిండిన చుట్టాలు గుర్తొచ్చారు.
నలభై రోజులు నన్ను నేను చదువుకోలేకపోయాను.

రెండోది గరుకు కాగితం మీద వేయించాం.
నున్నటి ప్లాస్టిక్ తొడిగితే
మధ్యాహ్నపు ఎండ అందులో చూసుకుని మురిసిపోతుంది,
కొనేవాడికి ఏమీ కనబడదు.
కింద కుడి మూల మేక కొరికింది.
అయినా పనిచేస్తోంది.
మిగతా మూడు మూలల్లో ఏది పోయినా గుడ్డిదయ్యేదట,
ఇక్కడ కొంచెం పోతే
మిగిలినదాంతో కూడబలుక్కుంటుందట.
నాకు పైపళ్లు నాలుగు లేవు,
నా మాట ఎవరికి తెలియడం లేదు?

తేనెటీగలకి చూపించాను ఒకసారి.
ఒకటి వాలి, గడి గడీ నడిచి, లేచిపోయింది.
ఆరు మూలల ఇల్లు కట్టేదానికి
నాలుగు మూలలు ఏం ఆనతాయి.

వాలు మీద సిగ్నల్ ఉండదు.
నల్లబండ ఎక్కితే రెండు గీతలొస్తాయి.
పొద్దుగూకే వేళ ఎక్కి నిలబడతాను.
పగలంతా చచ్చినట్టు పడున్న ఫోన్
జేబులో గుంయ్‌మంటుంది, ఇక ఆగదు.
నాలుగొందల యాభై. నాలుగొందల యాభై. తొమ్మిదొందలు.
ఎవరో బకీత్, ఎవరో చినారా, ఎవరో ఉత్త అక్షరం.
వాళ్లు వచ్చి వెళ్లి ఎంతసేపైందో,
నాకు మాత్రం ఆ రోజు బేరమంతా
ఆ ఒక్క నిమిషంలో జరుగుతుంది.

దిగి, బల్ల దగ్గర లెక్క చూస్తాను.
ఆ శుక్రవారం సీసాలు తొమ్మిది తగ్గాయి,
డబ్బు ఏడింటికే వచ్చింది.
పుస్తకంలో రాశాను: ఎలుగుబంటి, రెండు.
దొంగ అని రాయడానికి చెయ్యి రాలేదు.
దొంగయితే రేపటి నుంచి కాపలా కాయాలి.
ఎలుగుబంటయితే
తేనె తినడం దాని పుట్టుక.

పన్నెండో రోజు బండ మీద ఒకే ఒక్క గుంయ్.
ఓష్ నుంచి నాలుగొందల యాభై, కింద రెండు ముక్కలు:
"ఆ రోజు మీ మలుపులో సిగ్నల్ లేదు,
బొమ్మని ఫోటో తీసుకెళ్లాను.
పిల్లకి జ్వరం వచ్చి మరిచాను.
మూత కారుతోంది, చూసుకోండి."

చూసుకున్నాను. నిజమే, ఆ పెట్టెలో మూతలన్నీ వదులు.
దీపం పెట్టుకుని పదహారింటికీ రబ్బరు చుట్టలు వేశాను.
ఎలుగుబంటి పద్దులో ఒకటి కొట్టేశాను.

ఇంకొకటి అలాగే ఉంది.
ఎర్మెక్ కొట్టేయమంటాడు, రాని డబ్బు ఎందుకని.
నవంబరులో కనుమ మీద మంచు పడుతుంది,
లారీలు తగ్గుతాయి,
ఎలుగుబంట్లకి నిద్రొస్తుంది.
అందాకా ఉండనీ.