తరుగు

కాటా చీటీ నకలుకి వెనకవైపు తెల్లగా ఉంటుంది.
అక్కడ గీస్తాను
తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు.
మిర్చియార్డులో రాత్రి రెండు దాటాక
లారీకీ లారీకీ మధ్య దొరికే సందులో,
హమాలీలు టిక్కీల మీదే ఒరిగి గురక పెడుతుంటే
నేను ఒక ఐదుకి చోటు వెతుకుతుంటాను.
ఇరవై నాలుగు అంకెలు ఇస్తాను,
యాభై ఏడు దాస్తాను.
దాచడమే పని. ఇవ్వడం ఎవరైనా ఇస్తారు.

ఫొటో తీసి పంపితే
పెద్దాసుపత్రిలో ఖైరున్నీసా చూస్తుంది,
సెలైను సీసా మార్చే వేళల మధ్య.
ఆమెని నేనెప్పుడూ చూడలేదు.
ఆమె రాసే ఏడుని మాత్రం ఎక్కడైనా గుర్తుపడతాను,
నడుముకి అడ్డగీత ఉంటుంది.
నల్లపాడు గేటు దగ్గర ఏసుపాదం
గూడ్సు వెళ్ళేదాకా ఒక గడి,
గేటెత్తాక ఇంకో గడి.
తప్పు పోతే ఒప్పుకోడు, సిగ్నల్ లేదంటాడు.

పూర్ణానందంగారికి తెర మీద అంకెలు అలుక్కుపోతాయి.
ఆయనకి కాయితమే కావాలి.
పొద్దున డ్యూటీ దిగి చుట్టుగుంట మీదుగా వెళ్తూ
బ్రాడీపేటలో ఆయన గేటు సందున దోపి పోతాను.
మడత విప్పగానే తుమ్ముతారు.
తేజ రకం ఘాటు చీటీని ఓ పట్టాన వదలదు.
"ఇవాళ్టిది కారంగానే ఉందోయ్" అంటారు
ఒక్క గడీ నింపకుండానే.

మా నలుగురికీ ఒకటే కట్టుబాటు:
ఊహించకూడదు.
ఇక్కడ ఆరై ఉంటుందిలే అన్నావా
ఆ పూటకి నువ్వు లేనట్టే.
గడి మూలన ఉండగల అంకెలన్నీ
చీమల్లా రాసిపెట్టుకుని
ఇది కాదు, ఇదీ కాదు అని కొట్టేస్తూ పోవాలి.
చివరికి కొట్టెయ్యలేనిది ఒకటి మిగులుతుంది.
దాన్నే జవాబంటాం.

కాటా దగ్గర నేను చేసేదీ కొట్టెయ్యడమే.
టిక్కీ నలభై ఆరు కిలోల రెండొందలు తూగుతుంది.
గోనెకింత, తేమకింత, తాలుకాయకింత,
పేరు పెట్టనిది ఇంకొంత.
చీటీలో నలభై నాలుగున్నర.
మొన్న ప్రత్తిపాడు రైతొకాయన
కాటా మీది ఎర్రంకెల్నీ నా పెన్నునీ
మార్చి మార్చి చూసి
"రెండిట్లో ఏది నిజం అబ్బాయ్?" అన్నాడు.
తర్వాతి టిక్కీ ఎత్తమన్నాను.

ఆ రాత్రి పంపిన లెక్కకి
ఖైరున్నీసా జవాబు రాలేదు, ఫోనొచ్చింది.
ఆమె గొంతు వినడం అదే మొదలు.
వెనకాల ఎవరో దగ్గుతున్నారు.
"నాలుగో వరసలో మూడూ ఎనిమిదీ,
ఆరో వరసలో ఎనిమిదీ మూడూ.
తిరగేసి వేసినా కుదురుతోంది భాయ్.
రెండు జవాబులొస్తే అది లెక్కే కాదు కదా."
కోపమేం లేదు,
జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

నా చెవులు కాలాయి.
నాలుగంటే నాలుగే గళ్ళు.
అడ్డవరస ఒప్పుకుంటోంది, నిలువువరస ఒప్పుకుంటోంది,
కమీషన్ కొట్టు గుమాస్తాల్లా
అందరూ తలూపేవాళ్ళే.
ఒక్క మూడుని దాచకుండా ఇచ్చేస్తే సరిపోయేది.
ఇచ్చాను.
ఇరవై ఐదు బయట, యాభై ఆరు లోపల.
మళ్ళీ ఫొటో తీస్తూ
మిర్చి చేత్తోనే కన్ను నలుపుకున్నానేమో
గళ్ళన్నీ కాసేపు నీళ్ళలో ఈదాయి.

నాలుగుంబావుకి ఆమె నుంచి ఒక్క ముక్క:
"ఒకటే."
ఏసుపాదం సడి లేదు, గూడ్సు పొడుగ్గా ఉన్నట్టుంది.
పూర్ణానందంగారి కాయితం మడవబోతూ
తిప్పి చూశాను.
ముందువైపు ప్రత్తిపాడు రైతు చీటీ,
నలభై నాలుగున్నర, కింద నా పొట్టి సంతకం.
ఆ అంకె మూలన, చీమంత,
నలభై ఆరు రెండొందలు అని రాశాను.
కొట్టెయ్యలేదు.

పూర్ణానందంగారు ఏ కాయితాన్నైనా
రెండువైపులా చూస్తారు.