ఓబీ గుట్ట మీది గడప

బొగ్గు మీది మన్ను తీసి
ఒక పక్కకు పోసుకుంట పోతే అయిన గుట్ట అది.
దేవుడు చేసింది కాదు, డంపర్లు చేసినయి.
కంపెనీ కాగితాల్ల పేరు లేదు, నంబరుంది: నాలుగు.
బల్లార్షా అవతల, వార్ధా నదికి వెన్ను తిప్పి
పదహారేండ్లు పెరిగి, ఆగింది.

నేను సర్వే సెక్షన్ల చైన్‌మన్‌ను.
వారమంతా బొగ్గును కొలిచేటోన్ని,
ఐతారం నాడు పిల్లలను.

మొదలెట్లయిందంటే,
ఎనభై ఆరు ముసుర్ల
డంపర్ మొండయ్య కొడుకు ఓదెలు
తండ్రికి సద్ది ఇచ్చి తిరిగొస్తూ
తెగిన కన్వేయర్ బెల్టు ముక్క మీద కూసున్నడు.
అంతే. కూసున్నడు.
నల్లరేగడి తడిస్తే నూనె కూడ దాని ముందు గరుకే.
గుట్ట నడుమ డోజరు సగంల వదిలేసిన మిట్ట ఒకటుండె,
దాన్ని తాకి లేచిండు.
గిన్నె ఒక దిక్కు, మూత ఒక దిక్కు,
వాడు ఏ దిక్కూ కాకుండ
కొంచెంసేపు.
బురదల పడ్డడు. ఏడ్వలే.
బెల్టు సంకల పెట్టుకొని మళ్ల ఎక్కుడు షురూ చేసిండు.

ఆ మిట్టను చాయ్ బండి ఠేంగణే ఆజీ
ఉంబరా అన్నది, మేం గడప అన్నం.
దాటినోడు ఇంట్ల లేడు, బయట లేడు.

తర్వాత తర్వాత
రాజురా నుంచి సైకిళ్లు, కాగజ్‌నగర్ నుంచి ప్యాసింజరు బండి,
మిరపకాయ బజ్జీలు, గొడుగులు, పందాలు.
పట్టా ముక్క వేలాడదీసి గంట కొట్టేది.
దూరం నేను చూస్త, తీరు ఆజీ చూస్తది:
చేతులు కోడి రెక్కల్లెక్క కొట్టుకుంటే కోత,
కండ్లు మూస్తే కోత,
అమ్మా అని అరిస్తే మాత్రం ఆమె కోసేది కాదు.

ఒక చలికాలం క్లబ్బు టీవీల
తెల్లటి గుట్ట కనబడ్డది.
కాళ్లకు బద్దలు కట్టుకొని మనుషులు
ముందుకు వంగి, గాలి మీద పండుకొని పోతున్నరు.
అప్పటికి మీసం మొలిచిన ఓదెలు
చాయ్ చల్లారేదాక చూసి అడిగిండు:
"ఏ గనిదే అది? సున్నపు గనిదా?"
ఎవరం నవ్వలే. మాణిక్‌గఢ్ దిక్కు
తెల్లటి గుట్టలు మేం చూడనివా?

కుడిమెత శేవంతి మేకల పిల్ల.
పదమూడేండ్లుంటయేమో, బెల్టు మీద కూసోదు, నిలబడ్తది.
నా టేపు అప్పటికే పదకొండు కాడ తెగింది,
కొత్తదానికి ఇండెంటు పెట్టి ఏడాది.
పదకొండు దాటేటోడు పుట్టలేదని
ఆ తెగిన కొస పట్టుకొని బురదల నిలబడ్డ.

రెండింటి బ్లాస్టింగు సైరన్ మొదలైంది.
ఆ పిల్ల ఆగలే.
వానల కాళ్లు కనబడ్డయి,
పాదాల కింద అంటిన రేగడి,
అది నా నెత్తి మీంచి పోయింది.
భూమి అదిరింది.
ఆమె దిగినందుకా, మందు పేలినందుకా
ఇప్పటికీ తెగని పంచాయితీ.
చిట్టాల రాసిన: పదకొండు, ఆపైన.
ఆజీ గంట కొట్టుడు మర్చిపోయింది.

తెల్లారి ఏడాది ఎవరిదో జబ్బ విరిగింది.
మేనేజరు వచ్చిండు, కంచె వచ్చింది,
సుబాబుల్ మొక్కలు, టేకు మొక్కలు,
పచ్చదనం అని రాసిన బోర్డు.
ఓదెలు నాగ్‌పూర్‌ల లారీ నడుపుతడట,
శేవంతి ఎటు పోయిందో మేకలనడగాలె.

రిటైరైనంక కూడ ముసురువడితే
కంచె సందుల్నుంచి పోయి చూస్త.
వేర్ల కింద గడప అట్లనే ఉంది.
పైనుంచి వాన నీళ్లు జారుకుంట వచ్చి
దాని కాడ లేచి, దుంకుతయి.
జేబుల టేపు ముక్క ఉండనే ఉంది:
మీటరున్నర.
తీరు బాగలేదు.