ఒకే చుక్క

మునిరత్నం వైరు బుట్టలోంచి తీసి
నా బల్ల మీద పెట్టాడు
పాత లుంగీ గుడ్డలో చుట్టిన ఇత్తడి వాల్వు
అంబత్తూరులో అద్దె లేతు మీద
రాత్రిళ్ళు తనే తిప్పుకున్నది
నీళ్ళ లారీ గొట్టం మూతి దగ్గర కారకుండా ఆపేది

ఆరేళ్ళు పంపుల కంపెనీలో డ్రాయింగులు గీసిన చెయ్యి
ఊరుకోలేదు
బొటనవేలితో నొక్కి చూశాను
లోపలి బిళ్ళ కాస్త ఒరిగి
తన పీట మీదికి తనే వచ్చి కూర్చుంది
స్ప్రింగు లేదు, నీళ్ళ బరువే చాలు
ఆ లేకపోవడంలోనే ఉంది అందమంతా

గిండీ ఆఫీసు ఒప్పుకునే భాషలో మొదలెట్టాను
అక్కడ మొదటిసారి 'ఒక బిళ్ళ'
ఇక జన్మంతా 'సదరు బిళ్ళ'
అందం అన్న మాట చెల్లదు
అడిగే హక్కు ఎంత పొడవున్నా ఒకే వాక్యం
కామా మీద కామా మోసుకుంటూ పోయి
చిట్టచివర ఒకే చుక్క

చుక్క పెట్టేముందు ఒక ప్రశ్న అడగాలి
"దీన్ని ఎవరికైనా చూపించారా?"

అతని మొహం వెలిగిపోయింది
"చూపించేదేంది మేడం
పోయిన ఎండాకాలం పదకొండు లారీలకి బిగిచ్చినా
వ్యాసర్పాడి కాడ
సగం నీళ్ళు రోడ్డే తాగేస్తా ఉండె
లైన్లో కడపట నిలబడినోళ్ళ బిందెలు చూళ్ళేక
లాభమా? ఇత్తడి ఖరీదు తీసుకున్నా, అంతే"

పెన్ను ఆగింది
ఎలా చెప్పను
చట్టానికి ఎంగిలి పడని కొత్తదనం కావాలని
పదకొండు లారీలు దీన్ని ఎంగిలి చేశాయని

నాలోని ఇంజినీరు కిటికీ వైపు తిరిగి కూర్చుంది
వకీలే చెప్పింది

అతను కాసేపు బిళ్ళను టక్కు టక్కుమనిపించాడు
"అయితే రేపు ఇంకెవురన్నా వచ్చి
ఇది నాదని తాళం ఏస్తే?"
"వెయ్యలేరు, మీ లారీలే సాక్ష్యం"
"అట్టనా"
గుడ్డ చుట్టి, ముడేసి, బుట్టలో పెట్టుకున్నాడు
ఫీజెంతన్నాడు
కింద కొట్లో టీ ఇప్పించమన్నాను

రాత్రి మా వీధిలోకి లారీ వచ్చింది
అందరూ బిందెలతో దిగారు
నేను ఫోను లైటు వేసుకుని
గొట్టం మూతి దగ్గర వంగాను
డ్రైవరు నన్ను దొంగని చూసినట్టు చూశాడు
ఇత్తడి, అంచున అతని ఆకురాయి గీతలు

రోడ్డు మీద చుక్క పడలేదు
నా డ్రాఫ్టులోనూ